ఎనిమిదో మడి లెక్క

బానోతు రంగికి అక్షరం ముక్క రాదు. అంకె రాయమంటే బొటనవేలు చూపించేది. అయినా మిర్యాలగూడ అవతల, ఎడమ కాలువ పక్కనున్న చిన్న వరి పరిశోధన క్షేత్రంలో ఆమె నోటి నుంచి వచ్చిన లెక్క వచ్చినట్టే ఇంగ్లీషు పత్రికల్లోకి ఎక్కేది. చదువు లేనివాళ్లకు లెక్క తెలియదనుకునే పెద్దమనుషులు ఒక్క పూట ఆమె వెనక బురదలో నడిచి ఉంటే ఆ మాట మళ్లీ ఎత్తేవారు కాదు.

ఆమె పుట్టింది పెన్‌పహాడ్ దగ్గర ఒక తండాలో. అక్కడివి వానను నమ్ముకున్న చెలకలు. ఆమెకు పదేళ్లప్పుడు తండ్రి ఫకీరా వేసిన జొన్నచేను సరిగ్గా గింజ పాలు పోసుకునే వేళకు వాన మొహం చాటేసింది. ఫకీరా రోజూ పొద్దున్నే వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని గట్టున నిలబడి, చేసేదేమీ లేక తిరిగి వచ్చేవాడు. పిల్ల వెంట వెళ్లేది. ఇరవై రోజులపాటు ఒక పంట చావడం ఆమె దగ్గరుండి చూసింది. ఆ చూసింది ఆమె లోపల ఉండిపోయింది.

పెళ్లయ్యాక భర్త సక్రుకు మిర్యాలగూడలో రైసు మిల్లు హమాలీ పని దొరికింది. ఇద్దరూ సామాను మూట కట్టుకుని సూర్యాపేటలో బస్సు మారి వచ్చేశారు. ఏడాది పొడవునా కాలువ నీళ్లతో పచ్చగా ఉండే పొలాలు చూసి మొదటి నెలంతా రంగికి నమ్మకం కుదరలేదు. "గీడ నీళ్లకు సిగ్గే లేదే, ఎప్పుడు సూసినా పారుతనే ఉంటయి" అని సక్రు ఎగతాళి చేసేవాడు. ఎనభై ఒకటిలో ఆమె పరిశోధన క్షేత్రంలో రోజు కూలీగా చేరింది. నాట్లు వేయడం, కలుపు తీయడం పని.

మరుసటి ఏడాది యోహాను వచ్చాడు. పంటను తినే పురుగుల మీద పరిశోధన చేసే సైంటిస్టు. ఊరు కోదాడ. తల్లి రూతమ్మ నాట్లకు వెళ్లే కూలీ. అందుకే బురదలో దిగేటప్పుడు ఆయన ప్యాంటు మడతలు చూసుకునేవాడు కాదు. వచ్చిన వారంలోనే నలుగురు ఆడకూలీలను పిలిచి, ఒక వరి దుబ్బు చూపించి, దాని మీద సుడిదోమలు ఎన్ని ఉన్నాయో చెప్పమన్నాడు. సుడిదోమ నువ్వుగింజంత పురుగు. నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో గుంపుగా కూర్చుని రసం పీలుస్తుంది. ముదిరితే పొలం సుడులు సుడులుగా ఎండిపోతుంది. ఒకామె యాభై అంది. ఇంకొకామె సారు ముఖం చూసి, ఆయనకు ఎక్కువే ఇష్టమేమోనని వంద అంది. మూడో ఆమె నవ్వి ఊరుకుంది.

రంగి దుబ్బును రెండు చేతులతో మెల్లగా తట్టి, మోకాళ్ల మీద వంగి చూసి, "అరవై మూడు సారూ. రెండు ఎగిరిపోయినయి. అవి కలపలే" అంది.

యోహాను తానే వంగి లెక్కపెట్టాడు. అరవై మూడే.

"రేపటి నుంచి నువ్వు కలుపుకు పోవద్దు రంగక్కా. నాతోనే ఉండాలె" అన్నాడు.

వయసులో ఆయన ఆమెకంటే ఐదేళ్లు చిన్న. ఆఫీసులో కుర్చీ ఉన్న మనిషి కూలీ మనిషిని అక్క అనడం ఆ క్షేత్రంలో అదే మొదలు. ఆ సాయంత్రం రంగి సక్రుకు ఆ సంగతి మూడుసార్లు చెప్పింది. మూడోసారికి అతను చెవులు మూసుకున్నాడు.

అప్పటి నుంచి ఆమె పని అదే. పొద్దెక్కకముందే మడిలో దిగేది. మడికి పది దుబ్బులు చూసేది. ఇరవై పురుగులకు ఒక చింతగింజ నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో వేసుకునేది, పైన మిగిలినవి వేళ్ల మీద పట్టుకునేది. గట్టెక్కి లెక్క చెబితే యోహాను నోటుబుక్కులో రాసుకునేవాడు. ఆయన లేని రోజు వాచ్‌మన్ సైదయ్య రాసేవాడు. మొదట్లో యోహాను ఆమె వెనకే దిగి మళ్లీ లెక్కపెట్టి సరిచూసేవాడు. నెల తిరిగేసరికి ఆ పని మానేశాడు. ఎవరైనా అడిగితే "రంగక్క చెప్పింది కదా" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం ఆమె జ్వరంతో కూడా బురదలో దిగేది.

ఎనభై నాలుగు వానాకాలంలో యోహాను ఎనిమిది మడుల పరీక్ష పెట్టాడు. ఏడు మడులకు ఒక్కోదానికి ఒక్కో తీరుగా పురుగుమందు కొట్టాలి. ఎనిమిదో మడికి మాత్రం మందు కొట్టకూడదు, ఇంకే పనీ చేయకూడదు. దోమ వస్తే రానివ్వాలి, తింటే తిననివ్వాలి. మిగతా ఏడింటినీ దానితో పోల్చి చూస్తారు.

"ఏం జెయ్యొద్దా సారూ? సస్తే?" అని అడిగింది రంగి.

"చావనీ అక్కా. చస్తేనే మనకు తేడా తెలిసేది."

ఆ మాట ఆమెకు అస్సలు మింగుడుపడలేదు. చేతిలో నీళ్లున్నాయి, గోదాములో మందుంది, మడి చావాలట. చదువుకున్నవాళ్ల సంగతి చదువుకున్నవాళ్లకే తెలుసనుకుని సరేనంది.

అక్టోబరులో యోహాను భార్య సుందరమ్మ కాన్పుకని కోదాడ దవాఖానలో చేరింది. ఆయన ఐదు రోజులు సెలవు పెట్టి వెళ్లాడు. దోమ కూడా ఆ ఐదు రోజులే చూసుకుని విరుచుకుపడింది. ఎనిమిదో మడిలో మొదటి రోజు పది దుబ్బులకు కలిపి తొమ్మిది వందలు. రెండో రోజు పధ్నాలుగు వందలు. మడి నడిమధ్యన చాటంత మేర పసుపెక్కింది. రంగి గట్టెక్కి నిలబడి చూస్తోంది. కాసేపటికి తన చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాయని గమనించింది. అచ్చం తండ్రి నిలబడినట్టే నిలబడింది. ఆ తర్వాత ఇక ఆగలేకపోయింది.

పార తెచ్చి మడవ తీసింది. నీళ్లన్నీ బయటికి పోయాయి. దుబ్బుల వరసలను తలకు పాపిట తీసినట్టు అటూ ఇటూ వంచి, ఎండా గాలీ మొదళ్లకు తగిలేలా పాయలు తీసింది. కాలువ కింద ఒకరిద్దరు ముసలి రైతులు దోమ ముదిరినప్పుడు ఇలా చేయడం ఆమె చూసింది. మడి ఆరింది, దోమ పలచబడింది. ఐదో రోజు పొద్దున వంచిన దుబ్బులను సరిచేసి, మళ్లీ నీళ్లు పెట్టి మడవ కట్టేసింది. లెక్క మాత్రం ఏ రోజుది ఆ రోజు ఉన్నదున్నట్టే సైదయ్యతో రాయించింది. మూడో రోజు ఆరు వందలు, నాలుగో రోజు రెండు వందల పది, ఐదో రోజు ఎనభై ఐదు. లెక్కలో అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. నీళ్లు తీసిన సంగతి లెక్కలోకి రాదనుకుంది.

యోహాను మిఠాయి పొట్లంతో వచ్చాడు. కొడుకు పుట్టాడు. నోటుబుక్కు తెరిచి చూసి, పొట్లం గట్టు మీద పెట్టేసి, చెప్పులతోనే ఎనిమిదో మడిలోకి దిగాడు. మందు కొట్టిన మడుల్లో దోమ పెరిగింది, కొట్టని మడిలో తగ్గింది. దుబ్బుల మధ్య అటూ ఇటూ పరిగెత్తుతున్న సాలీళ్లు ఆయన కంటపడ్డాయి.

"రంగక్కా, సాలీళ్లు! మందు కొడితే దోమతోపాటు దోమను తినే సాలీళ్లు కూడా చస్తున్నయి. కొట్టకపోతే అవే దోమను తినేస్తున్నయి. ఇది నేను రాస్తే లోకమంతా చదువుతది!"

చెప్పాలని రంగి నోరు తెరిచింది. ఆయన ఆ నోటికే మిఠాయి అందించాడు. ఆ ముఖంలో వెలుగు చూశాక ఆమె మిఠాయి నమిలి మింగింది. మడవ ఎవరైనా తీశారా అని ఆయన అడగలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదన్న వాదన కోర్టులో చెల్లుతుందేమో గానీ రంగి మనసులో చెల్లలేదు. ఆ ఏడాదంతా ఆమెకు అన్నం రుచించలేదు.

మరుసటి సంవత్సరం దోమ పెద్దగా రాలేదు. యోహాను ఆ ఒక్క పంట ఫలితాన్నే చిన్న పేపరుగా రాశాడు, అది ఎనభై ఆరులో అచ్చయింది. తర్వాత కార్డులు రావడం మొదలైంది. మీ పేపరు నకలు ఒకటి పంపండి అని ఫిలిప్పీన్స్ నుంచి, జపాన్ నుంచి, శ్రీలంక నుంచి, ఇంకా పేరు పలకడానికి నోరు తిరగని ఊళ్ల నుంచి సైంటిస్టులు రాసేవారు. యోహాను ఆ కార్డులను బల్ల అద్దం కింద వరసగా పరిచాడు. కొత్తది వచ్చినప్పుడల్లా రంగిని పిలిచి తపాలా బిళ్ల మీది బొమ్మ చూపించి, "ఇదంతా నీ లెక్కే అక్కా" అనేవాడు. ఆమె బొమ్మ చూసి తలూపి, మడిలోకి పారిపోయేది.

ఒకసారి ఉండబట్టలేక సక్రుకు చెప్పింది. అతను తేలిగ్గా తీసేశాడు. "ఎప్పటి నీళ్లో ఎప్పుడో కృష్ణల కలిసినయి. ఇప్పుడు నువ్వెందుకు ఎత్తుతవ్? ఊకో" అన్నాడు.

ఆమె ఊరుకుంది. ఊరుకోవడం అలవాటయ్యేది కూడా, తొంభై ఒకటి రాకపోతే.

ఆ ఏడు యోహానుకు పై ఉద్యోగానికి ఇంటర్వ్యూ పడింది. పూర్వం ఎన్ని పేపర్లు రాశావని మాత్రమే అడిగేవారు. ఇప్పుడు నీ పేపర్లను ఎంతమంది తమ పేపర్లలో పేర్కొన్నారు, ఎవరెవరితో కలిసి పనిచేశావు అని కూడా ఫారంలో గళ్లు పెట్టారు. ఆ లెక్కంతా హైదరాబాదులో ఒక పెద్ద లైబ్రరీలో, చీమతలకాయలంత అక్షరాలున్న లావు పుస్తకాల్లో ఉంటుంది. యోహాను మూడు రోజులు అక్కడ కూర్చుని, కళ్లు ఎర్రగా చేసుకుని తిరిగొచ్చాడు.

"నలభై ఒకటి అక్కా! అందుల ముప్పై నాలుగు మన సాలీళ్ల పేపరుకే."

"అంటే ఏంది సారూ?"

"మీ తండాల పంచాయితీ అయితే పెద్దమనుషులు ఏమంటరు?"

"'అప్పట్ల మోతీలాల్ నాయక్ గిట్ల సెప్పిండు' అంటరు."

"అదే. నేను రాసింది చదివి ఇంకొకాయన తన కాగితంల 'యోహాను ఇట్ల చెప్పిండు' అని రాస్తడు. ముప్పై నాలుగు మంది రాసిండ్రు."

"మరి మోతీలాల్ నాయక్ సెప్పింది తప్పయితే?"

యోహాను నవ్వాడు. "తప్పయినా పేరు పేరే. లెక్కల ఒకటి పెరుగుతది."

ఆయన సంబరంలో ఇంకా చాలా చెప్పాడు. ఫిలిప్పీన్స్ సైంటిస్టు ఒకాయన కలిసి పనిచేద్దామని రాశాడట, రెండో గడి కూడా నిండిందట. ఈ వానాకాలం కోదాడ అవతల అనంతగిరిలో నలుగురు రైతులు తలా ఎకరం మందు కొట్టకుండా పండించి చూడడానికి ఒప్పుకున్నారట. రంగికి ఆ చివరి మాట తర్వాత ఏదీ వినపడలేదు. పేపరు తప్పయితే పేపరుకే నష్టమని ఇన్నేళ్లూ సర్దిచెప్పుకుంది. ఇప్పుడది ఎకరాల దాకా వచ్చింది.

జూలైలో ఆ నలుగురూ క్షేత్రం చూడడానికి వచ్చారు. వాళ్లలో లక్ష్మయ్య అనే కౌలు రైతు, మిగతావాళ్లు సారుతో మాట్లాడుతుండగా వెనక్కి తగ్గి, గట్టు మీద రంగి దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, లెక్కపెట్టింది నువ్వేనంటగా? మందు కొట్టకపోతే నిజంగా దోమ తగ్గిందా? సారు మంచోడే, కాదనను. కానీ నాది కౌలు పొలం. ఎకరం పోతే మళ్లీ లేవలేను. నువ్వు చేలో పనిచేసే మనిషివి. నువ్వు చెబితే నమ్ముతాను."

"జర ఆగు అన్నా. సారుతోని మాట్లాడి సెప్త" అంది రంగి. అక్కడి నుంచి వచ్చేసింది. రైతులు బస్సెక్కిన వెంటనే, బురద కాళ్లతోనే ఆఫీసు గదిలోకి వెళ్లింది. యోహాను ఇంటర్వ్యూ ఫారం నింపుతున్నాడు.

"సారూ, ఎనిమిదో మడి నీళ్లు నేను తీసిన."

"ఏ ఎనిమిదో మడి?"

"నీ కొడుకు పుట్టిన యాడాది మడి. నువ్వు కోదాడ పోయినప్పుడు మడవ తీసి ఆరబెట్టిన. దుబ్బులు పాయలు తీసిన. దోమను సాలీళ్లు తినలే సారూ. నేను తరిమిన."

యోహాను పెన్ను కింద పెట్టాడు. బల్ల అద్దం కింది కార్డుల వైపు చూశాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలే" అంది రంగి, అని వెంటనే తల అడ్డంగా ఊపింది. "కాదు సారూ. భయపడ్డ. సెప్తే ఇగ నా లెక్క నమ్మవని భయపడ్డ."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే ఆమెకు హాయిగా ఉండేది.

"సరే రంగమ్మా. నువ్వు పో" అన్నాడు.

తొమ్మిదేళ్లలో ఆయన ఆమెను రంగమ్మా అనడం అదే మొదటిసారి. ఆమె గడప దాటి, గోడకు చేతులు ఆనించి, కాసేపు అట్లాగే నిలబడింది.

మర్నాడు ఇద్దరూ కోదాడ బస్సెక్కారు, అక్కడి నుంచి అనంతగిరికి. లక్ష్మయ్య ఇంటి ముందు నలుగురు రైతులనూ కూర్చోబెట్టి, పరీక్షలో తప్పు జరిగిందని, ఈ ఏడు ఎవరూ మందు మానేయవద్దని తానే చెప్పాడు. ఏం తప్పని లక్ష్మయ్య అడిగితే రంగి చెప్పింది. నలుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. లక్ష్మయ్య లోపలికి వెళ్లి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి, మొదటిది రంగికిచ్చాడు.

ఆ తర్వాత యోహాను ఆఫీసు టైపు మిషను ముందు కూర్చుని, రెండు వేళ్లతో, ముప్పై నాలుగు ఉత్తరాలు కొట్టాడు. తన పేపరును పేర్కొన్న ప్రతి ఒక్కరికీ ఒకటి. ఆ మడిలో నీళ్లు తీసేశారని, ఆ సంగతి తనకు తెలియదని, ఆ ఫలితాన్ని నమ్మవద్దని రాశాడు. క్షేత్రం పెద్దాఫీసరు అది విని తల పట్టుకున్నాడు.

"ఇంటర్వ్యూకు మూడు నెలలు కూడా లేవు. అయ్యాక రాయరాదూ? నిన్నెవరడిగారయ్యా?"

యోహాను ఉత్తరాల కట్ట చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. పోస్టాఫీసులో రంగి చేతికి బిళ్లలిచ్చాడు. పరువు పోగొట్టుకునే ఉత్తరాలకు కూడా బిళ్లలు సొంతంగా అంటించుకోవాల్సిందే మరి. ఆమె ఒక్కొక్కటీ తడిచేసి అంటిస్తుంటే, "ఇందుల నీ పేరు రాసిన" అన్నాడు. "నీళ్లు తీసింది నువ్వని రాసిన. మడి సంగతులన్నీ అడిగి తెలుసుకోకపోవడం నా తప్పని కూడా రాసిన."

అదే వానాకాలం పరీక్ష మళ్లీ పెట్టాడు. ఈసారి తొమ్మిది మడులు. ఎనిమిదో మడికి ఏమీ చేయకూడదు. తొమ్మిదో మడికి మందు ఉండదు గానీ, దోమ రాగానే రంగి ఆనాడు చేసినట్టే నీళ్లు తీసి పాయలు తీయాలి.

"లెక్కకు ఇంకెవరినైనా పెట్టు" అన్నాడు పెద్దాఫీసరు. "తొమ్మిదో మడి బాగుంటే ఆమె చేసిన పని గొప్పదవుతుంది. ఆమె లెక్క ఎవరు నమ్ముతారు?"

"రంగమ్మే లెక్క పెడుతది" అన్నాడు యోహాను.

పెట్టమన్నాడు గానీ, ఆమె లెక్క చెప్పిన ప్రతిసారీ తానూ మడిలో దిగేవాడు. ఒక్కో మడిలో రెండు దుబ్బుల దగ్గర వంగి, తిరిగి లెక్కపెట్టేవాడు. ఆమె చెప్పిందీ ఆయన చూసిందీ ఎప్పుడూ ఒక్కటే. "సరిపోయింది" అనేవాడు. సరిపోయిందన్న ఆ మాట రంగికి రోజూ ముల్లులా దిగేది. ఆయన తప్పు కాదని ఆమెకు తెలుసు. తాను అయినా అట్లాగే చేసేదని కూడా తెలుసు. అయినా ఆయన వంగినప్పుడల్లా ఆమె ముఖం కాలువ వైపు తిప్పుకునేది.

ఆ తర్వాతి కాలం సంగతులు ముందే చెప్పేసుకుందాం. ముప్పై నాలుగు ఉత్తరాలకు జవాబులు వచ్చింది తొమ్మిదే. ఫిలిప్పీన్స్ ఆయన కలిసి పనిచేసే ఊసు మళ్లీ ఎత్తలేదు. జపాన్ ఆయన ఒకరు మాత్రం, ఇంతకూ నీళ్లు ఎన్ని రోజులు తీసి ఉంచారని అడిగారు. మూడు వానాకాలాల లెక్కలతో, నీళ్లు తీసి పాయలు తీయడం మీద రాసిన పేపరు తొంభై నాలుగులో అచ్చయింది. దాని మీద యోహాను పేరు పక్కన బి. రంగి అని ఉంది. యోహానుకు పై ఉద్యోగం ఆ మరుసటి ఏడు గానీ రాలేదు. తొంభై తొమ్మిది నాటికి లావు పుస్తకాల్లో ఆ రెండో పేపరును పేర్కొన్నవాళ్లు ఐదుగురు. మొదటి పేపరును మాత్రం, ఉత్తరం అందనివాళ్లూ అందినా చదవనివాళ్లూ పేర్కొంటూనే ఉన్నారు, దాని లెక్క యాభై దాటింది. లక్ష్మయ్య ఏటా వరిలో పాయలు తీస్తాడు, అతన్ని చూసి పక్క పొలాలవాళ్లూ తీస్తారు. వాళ్ల పేర్లు ఎక్కే పుస్తకం ఎక్కడా లేదు.

ఇవన్నీ తర్వాతి మాటలు. రంగిని అడిగితే వీటిలో ఒక్కటి కూడా చెప్పదు. తొంభై ఒకటి అక్టోబరులో ఒక పొద్దుటి సంగతి చెబుతుంది.

ఇంటర్వ్యూకని యోహాను హైదరాబాదు వెళ్లాడు. నాలుగు రోజుల పని. వెళ్లేముందు ఆమెతో ఏమీ చెప్పలేదు, జాగ్రత్త అని కూడా అనలేదు. దోమ వచ్చింది. తొమ్మిదో మడిలో రంగి మడవ తీసి పాయలు తీసింది. ఎనిమిదో మడి గట్టు మీదికి వచ్చి, పారను వాచ్‌మన్ చేతిలో పెట్టేసింది.

"సైదయ్యా, గీ పార గదిల పెట్టి తాళమెయ్యి. నేనడిగినా ఇయ్యకు. ఏడ్చినా ఇయ్యకు."

సైదయ్య నవ్వబోయి, ఆమె ముఖం చూసి తాళం వేశాడు.

ఎనిమిదో మడిలో మొదటి రోజు పదకొండు వందలు. రెండో రోజు పంతొమ్మిది వందలు. మూడో రోజు రెండువేల ఆరు వందలు. సంచిలో చింతగింజలు చాలక గడ్డిపోచలు తుంచి పెట్టుకుంది. పసుపెక్కిన దుబ్బు పక్కన వంగి, కన్నీళ్లు నీళ్లలో పడుతుంటే లెక్క తప్పుతుందని కళ్లు తుడుచుకుని, మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నం ఒకసారి సైదయ్యను పార అడిగింది. అతను ఇవ్వలేదు. నాలుగో రోజు పొద్దుటికి మడి మొత్తం గోధుమరంగుకు తిరిగి వాలిపోయింది. లెక్కపెట్టడానికి అందులో ఏమీ మిగల్లేదు.

అప్పుడే యోహాను వచ్చాడు. బస్సు దిగి, బట్టల సంచితోనే పొలంలోకి నడిచాడు.

"అయిందా సారూ? ఇస్తమన్నరా?"

"లేదు. ఎంతమంది పేర్కొన్నరని అడిగిండ్రు. నలభై ఒకటి అన్న. అందుల ముప్పై నాలుగు మందికి ఆ పేపరు తప్పని నేనే రాసిన అని కూడా చెప్పిన. ఒకాయన ఫైలు మూసేసిండు." సంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఎవరితోని కలిసి పనిచేసినవని అడిగితే నీ పేరు చెప్పిన. ఏ యూనివర్సిటీ అన్నరు. పెన్‌పహాడ్ అన్న."

ఆయన నవ్వాడు. రంగికి నవ్వు రాలేదు. "నా వల్లనే పోయింది సారూ" అంది.

యోహాను సంచి గట్టు మీద పెట్టాడు. ఎండిపోయిన ఎనిమిదో మడిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. మూడు మడుల అవతల, గదికి వేసి ఉన్న తాళాన్ని కూడా చూశాడు. సైదయ్య అప్పటికే దారిలో చెప్పేసి ఉంటాడు, అతని నోట్లో మాట ఆగదు.

"లెక్క చెప్పు" అన్నాడు నోటుబుక్కు తీసి.

ఆమె మడి వారీగా, రోజు వారీగా చెప్పింది. ఆఖరున తొమ్మిదో మడి. "వెయ్యి. నాలుగు నూర్లు. నూట యాభై. ఇయ్యాల అరవై" అంది. అది పచ్చగా, పాయల సందుల్లోంచి ఎండ పడుతూ నిలబడి ఉంది. ఆ అంకె తనకే మేలు చేసేదని, అందుకే ఎవరూ నమ్మరని ఆమెకు తెలుసు. గట్టు ఇరుకు కాబట్టి, ఆయన దిగడానికి వీలుగా పక్కకు జరిగి దారి ఇచ్చింది.

యోహాను అరవై అని రాశాడు. పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మడిలోకి దిగలేదు.

"సూడవా సారూ?" అంది రంగి.

"నువ్వు చూసినవ్ గద అక్కా."

రంగి గట్టు మీద అక్కడికక్కడే కూలబడి, చిన్నపిల్లలా గట్టిగా ఏడ్చింది.